కిటికీ దగ్గర ఆవిడ అనని మాట

సినిమా చూస్తూ పక్కవాళ్ళకి కథ చెప్పే అలవాటు సరోజినికి పలకా బలపం పట్టిన రోజుల్లోనే అబ్బింది. దానికి కారణం ఆమె అమ్మమ్మ కాసులమ్మ.

కాసులమ్మ పెళ్ళైన కొత్తలో శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి మొగుడి వెనకాలే ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. ఆ తర్వాత జీవితమంతా అక్కడి డిగ్నాబాద్ పేటలోనే గడిపింది. దీవిలో బెంగాలీలూ, తమిళులూ, మలయాళీలూ, రాంచీవాళ్ళూ అందరూ ఒకరితో ఒకరు హిందీలోనే మాట్లాడుకుంటారు. కాసులమ్మ మాత్రం హిందీ నేర్చుకోలేదు. నేర్చుకోలేక కాదు, తలపొగరు. చేపల గంప ముందు కూర్చుని, బేరానికొచ్చిన బెంగాలీ బాబుల చేతే తెలుగులో ధర అడిగించిన మనిషి ఆవిడ.

అయితే సినిమా అంటే ప్రాణం పెట్టేది. హాల్లో ఆడేవన్నీ హిందీ బొమ్మలు. అందుకని మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకునేది. తెర మీద ఎవరు ఏం మాట్లాడినా సరోజిని అమ్మమ్మ చెవిలో తెలుగులో చెప్పాలి. చెప్పేది కూడా. కాకపోతే ఉన్నదున్నట్టు చెప్పేది కాదు. హీరోయిన్ చచ్చిపోతే ఊరెళ్ళిందనేది. కొడుకు తల్లిని తిడితే, ఆకలేస్తోందని అడుగుతున్నాడనేది. నిజం చెబితే అమ్మమ్మ ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకుంటుంది, అన్నం వండదు. పిల్లదాని బాధ పిల్లదానిది.

ఒకసారి కాసులమ్మ పట్టేసింది.

"ఏటే గుంటా, ఆ పిల్ల గుండెలు బాదుకుంటంటే నవ్వుతందంటావేటి? నాకు బాస రాదు గానీ కల్లు అవుపిస్తన్నాయే!"

సరోజిని సిగ్గుపడి తల వంచుకుంది. ఆ వారం మళ్ళీ సినిమాకెళ్ళారు, ఆమె మళ్ళీ మార్చి చెప్పింది. కాసులమ్మ మళ్ళీ విన్నది.

ఆ పిల్లే పెద్దదై, డిగ్రీ చదివి, ఊళ్ళో ఒక కాలేజీలో లైబ్రరీ అసిస్టెంటయింది. హార్బర్‌లో బోటు ఇంజను డ్రైవరుగా పనిచేసే మనిషిని కట్టుకుంది. పిల్లలు పుట్టారు, పెరిగారు. సరోజిని తల్లి ముందే పోవడంతో కాసులమ్మ మనవరాలి దగ్గరే ఉండిపోయింది. సరోజిని చెడ్డ మనిషి కాదు. అడిగితే ఎవరికైనా సాయం చేస్తుంది. మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళలో పక్కింటివాళ్ళ డ్రమ్ములు కూడా నింపిపెడుతుంది. కాకపోతే ఎవరూ ఏమీ అనకముందే ఏమంటారోనని హడలిపోతుంది. ఆ హడలు ఆమె చేత చేయించిన పని ఒకటుంది. నిరుడు వానల్లో జరిగింది. అప్పటి నుంచి అది ఆమెను పట్టి పీడిస్తోంది.

కాసులమ్మ మంచాన పడ్డాక చూసుకోవడానికి హోప్ టౌన్ నుంచి ఒక మనిషి వచ్చేది. పేరు ఫిలోమినా. రాంచీవాళ్ళ ఆడమనిషి. ఆమె తాతల్ని ఎప్పుడో అడవి కొట్టడానికి ఓడల్లో తీసుకొచ్చారు. పొద్దున్నే బోటులో హార్బర్ దాటి వచ్చేది, సాయంత్రం బోటుకి వెళ్ళిపోయేది. కాసులమ్మకి హిందీ రాదు, ఫిలోమినాకి తెలుగు రాదు. మొదట్లో ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు. వంటింట్లోంచి విని సరోజిని పడీ పడీ నవ్వేది. కొన్నాళ్ళకి చూస్తే ఫిలోమినా కాసులమ్మ తెలుగులోనే ఆవిడకి సమాధానం చెబుతోంది. సరోజిని పిల్లలకి రాని ఆ పాత శ్రీకాకుళం యాస రాంచీ మనిషి నోట పలుకుతోంది. ఒళ్ళు తుడవడం, దుప్పటి మార్చడం, ముద్ద కలిపి పెట్టడం, అన్నీ ఆమె చేతుల మీదుగానే. కాసులమ్మ ఆఖరి గుక్క నీళ్ళు తాగింది కూడా ఫిలోమినా చేతి నుంచే. అప్పుడు సరోజిని కాలేజీలో ఉంది.

వాళ్ళ కుటుంబంలో ఒక పద్ధతుంది. పెద్దకార్యం నాడు తొలి బంతిలో మొదటి విస్తరి, పోయినవాళ్ళకి చివరి రోజుల్లో ఎవరు చాకిరీ చేశారో వాళ్ళకి వేస్తారు. కొడుకైనా కోడలైనా పొరుగువాళ్ళైనా సరే. ఆ మనిషి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళు విస్తట్లో చెయ్యి పెడతారు.

ఆ రోజు ఇల్లంతా జనం. లంబాలైన్ నుంచి కాసులమ్మ కొడుకు తాతబ్బాయి కుటుంబంతో వచ్చాడు. కులపెద్దలొచ్చారు, భర్త ఆఫీసువాళ్ళొచ్చారు. ఫిలోమినా చర్చికి కట్టుకునే తెల్లంచు చీర కట్టుకుని, పెరట్లో పూసిన బంతిపూలు ఆకులో చుట్టి తెచ్చింది. వీధి గుమ్మంలో జనాన్ని చూసి, రోజూ వచ్చే వెనక గుమ్మంలోంచే వచ్చి నిలబడింది. సరోజిని ఆమెను చూసి హడలిపోయింది. పంది మాంసం తినే రాంచీ మనిషిని తొలి విస్తరి ముందు కూర్చోబెడితే ఈ జనం ఏమంటారో! ఒక్కరూ నోరు విప్పలేదు. ఎవరి మొహమూ మారలేదు. అసలు ఫిలోమినా వచ్చినట్టే ఎవరికీ తెలీదు. అయినా సరోజిని గబగబా అన్నమూ కూరలూ డబ్బాల్లో సర్ది, క్యారీబ్యాగులో పెట్టి ఆమె చేతిలో పెట్టింది.

"లోపల చాలా భీడ్‌గా ఉంది ఫిలోమినా. కూర్చోడానికి కూడా చోటు లేదు. ఇంటికి పట్టుకెళ్ళి పిల్లలతో హాయిగా తిను."

ఫిలోమినా వంటింట్లోంచి లోపలివైపు చూసింది. హాల్లో అప్పుడే విస్తళ్ళు వేస్తున్నారు. కావలసినంత చోటుంది. "సరే దీదీ" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. బంతిపూలు వంటగట్టు మీద పెట్టి మరీ వెళ్ళింది.

కాసేపటికి తాతబ్బాయి వచ్చాడు. ఆయన ఇల్లు విమానాశ్రయం పక్కనే కావడంతో మామూలు మాట కూడా అరిచి చెబుతాడు.

"సరోజినీ! మా అమ్మని చూసుకున్న ఆ పిల్లేదే? తొలి ఇస్తరి ఏసీసినారు. పిలు!"

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. వీధిలోకి పరిగెత్తితే ఫిలోమినా ఇంకా మలుపు కూడా తిరిగి ఉండదు. సరోజిని మాత్రం "పనుందని వెళ్ళిపోయింది మావయ్యా" అంది. "అయ్యో" అనుకున్నాడు తాతబ్బాయి. "మరైతే నువ్వే కూకో. ఇంట్లో ఎట్టుకుని సూసింది నువ్వే కదా" అన్నాడు. అందరూ ఔనౌనన్నారు. సరోజిని ఆ విస్తరి ముందు కూర్చుంది. తొలి ముద్ద తిన్నది. అది గొంతు దిగలేదని చెబితే ఆమె మీద జాలి కలుగుతుందేమో గానీ, దిగింది.

మర్నాటి నుంచి ఫిలోమినా రాలేదు. రావలసిన పని కూడా లేదు. రెండు నెలలకి కాలేజీ లేడీస్ హాస్టల్ మెస్‌లో గరిటె పట్టుకుని కనిపించింది. తనంతట తనే వెళ్ళి అడిగి పని సంపాదించుకుంది. "దీదీ, బాగున్నావేటి?" అంది ఎప్పటిలాగే. ఆ పలకరింపులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. సరోజినికి మాత్రం ఆ యాస వినగానే చచ్చిపోయిన అమ్మమ్మే నిలదీసినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి మెస్ వైపు మెట్లు వదిలేసి, చుట్టూ తిరిగి ల్యాబుల పక్క మెట్లెక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులకి మంచిదని అడిగినవాళ్ళకి చెప్పేది. క్షమించమని అడగాలని మనసులో చాలాసార్లే అనుకుంది. అనుకున్న ప్రతిసారీ రేపు చూద్దాంలే అనుకునేది. కాసులమ్మ సంవత్సరీకం కూడా దగ్గరికొచ్చేసింది.

ఇలా ఉండగా కాలేజీలో సినిమా పండుగ వచ్చింది.

ఇంగ్లీషు లెక్చరర్ ప్రవీణ్‌కుమార్ కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు. ఉత్సాహం ఎక్కువ. పిల్లలతో ఫిలిం క్లబ్బు పెట్టించి, స్పానిష్ సినిమాల ఉత్సవమని మూడు మధ్యాహ్నాలకి మూడు సినిమాలు ఖాయం చేశాడు. మూడింటిలోనూ మనలా లేని మనిషి మన ఎదుట పడితే మనమేం చేస్తామన్నదే విషయం. ప్రిన్సిపాల్ మాత్రం ఒక మెలిక పెట్టాడు. పిల్లలు మాత్రమే కాదు, హాస్టల్ వంటవాళ్ళు, స్వీపర్లు, డ్రైవర్లు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి చూడాలన్నాడు. మాటలు స్పానిష్‌లో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. వంటవాళ్ళు ఏం చూస్తారు? ప్రవీణ్‌కుమార్ లైబ్రరీలో తల పట్టుకుని కూర్చున్నాడు.

"చింతా మత్ కీజియే సర్, నేను చెబుతా" అంది సరోజిని. "అక్షరాలు చదువుతూ హిందీలో చెప్పేస్తా. మా అమ్మమ్మకి చెప్పీ చెప్పీ నాకు అలవాటే."

అమ్మమ్మ మాట నోట్లోంచి రాగానే, మెస్‌వాళ్ళలో ఫిలోమినా కూడా ఉంటుందని గుర్తొచ్చింది. కానీ అప్పటికే మాట ఇచ్చేసింది.

మొదటి రోజు సినిమాలో, సముద్రంలో కొట్టుకొచ్చిన ఒక పరాయి మనిషిని ఏం చెయ్యాలో తెలీక పల్లెకారులు తలలు పట్టుకుంటారు. రెండో రోజు సినిమాలో, మాటలు రాని పిల్లవాడు బళ్ళో చేరతాడు. ఆ రెండూ ప్రవీణ్‌కుమార్ ముందే చూపించాడు కాబట్టి సరోజిని తయారై వచ్చింది. తెర పక్కన కుర్చీ, చేతిలో మైకు. సినిమా శబ్దం తగ్గించి పెట్టారు. ఒక్కొక్కరి గొంతు ఒక్కోలా పెట్టి, పల్లెకారుల తగువుని జంగ్లీఘాట్ చేపల బజారు తగువులా చెప్పేసరికి హాలంతా ఘొల్లుమంది. రెండో రోజు జనం ఇంకా పెరిగారు. హాస్టల్ వంటవాళ్ళు "సరోజినీ దీదీ నోటితో వింటే చాలు, బొమ్మ చూడక్కర్లేదు" అన్నారు. ఆమె ఉబ్బిపోయింది. ఫిలోమినా రెండు రోజులూ రాలేదు. అది గమనించి సరోజిని లోలోపల ఊపిరి పీల్చుకుంది.

మూడో రోజు సినిమా నెట్ నుంచి దించుకోవడం ఆలస్యమైంది. మన దీవి నెట్ సంగతి తెలిసిందే కదా, మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ దిగలేదు. ముందుగా చూసే వీల్లేకపోయింది.

"ఏం ఫర్వాలేదు సర్" అంది సరోజిని. "చూస్తూ చెప్పేస్తా."

లైట్లు ఆర్పుతుండగా మెస్ ఆడవాళ్ళు వచ్చి రెండో వరుసలో కూర్చున్నారు. వాళ్ళలో ఫిలోమినా ఉంది. పక్కన ఆమె కూతురు అనీమా. ఆ ఏడాదే కాలేజీలో చేరింది, ఫిలిం క్లబ్బు బ్యాడ్జీ పెట్టుకుంది. కూతురు బలవంతం మీదే తల్లి వచ్చింది కాబోలు. సరోజిని మైకు సరిచేసుకుంది.

ఎక్కడో చలి కొండల దేశం. పెద్ద పాత ఇల్లు. అందులో మంచం పట్టిన ముసలావిడ. ఆవిడని చూసుకోవడానికి కొండ పైనుంచి ఒకమ్మాయి వస్తుంది. ముసలావిడది స్పానిష్, అమ్మాయిది కొండవాళ్ళ భాష. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటారు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. సరోజినికి మాత్రం తను వంటింట్లోంచి విన్న మాటలు గుర్తొచ్చాయి. రెండో వరుసలోకి చూడకూడదని అనుకుంటూనే చూసింది. ఫిలోమినా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. కాసులమ్మ మంచం పక్కన స్టూలు మీద అచ్చం అలాగే కూర్చునేది.

తెర మీద ముసలావిడ చచ్చిపోయింది. నల్లబట్టల్లో బంధువులు వచ్చారు. ఇంటి కూతురు వంటింట్లోకొచ్చి కొండపిల్లతో ఏదో అంది. కింద అక్షరాలు పడ్డాయి: ఇంటినిండా జనం ఉన్నారు, నీకు కాస్త రొట్టె మూట కట్టాను, బస్సు వేళకి బయల్దేరు.

సరోజిని ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. ఇదెవరు తీశారు? ఎవరు చూశారు? నా వంటింట్లోకి ఎవరొచ్చారు? అన్నీ పిచ్చి ప్రశ్నలేనని ఆమెకీ తెలుసు. హాలంతా ఆమె గొంతు కోసం ఎదురుచూస్తోంది.

"జనం ఉన్నారట. బస్సు వేళ అయిందట" అంది హిందీలో. రొట్టె మూట సంగతి మింగేసింది.

కొండపిల్ల మూట పట్టుకుని బయటికి నడిచింది. దూరంగా మట్టిరోడ్డు మీద బస్సు ఆగింది. ఇంటి కూతురు కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. పిల్ల బస్సెక్కింది, వెనక్కి తిరగలేదు. కిటికీ దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి. కింద ఒక్క వరుస అక్షరాలు: ఎవరైనా ఆ తలుపు వెయ్యండి, చలిగాలి వస్తోంది.

సరోజిని అవి చదివింది. చదివాక ఆమె నోట్లోంచి వచ్చిన మాటలు వేరు.

"నన్ను మాఫ్ చెయ్యి. మా అమ్మకి చేసినదానివి నువ్వు. అందరికంటే ముందు నిన్ను కూర్చోబెట్టాల్సింది. నాదే తప్పు. అంటోంది."

తెర చీకటైంది. హాలు చప్పట్లతో మోగిపోయింది. మెస్ ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు కొందరు వెనక్కి తిరిగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనీమా మాత్రం ఎవరివైపూ తిరగలేదు. సూటిగా సరోజినినే చూస్తూ ఉండిపోయింది.

ప్రవీణ్‌కుమార్ దగ్గరికొచ్చాడు. "మేడమ్, చివర్లో అలా లేదు కదండీ?"

"మనవాళ్ళకి బాధగా ఉంటుందని సర్..."

"అయినా బాగుందండీ. మా పిల్లలు దీని మీద డిస్కషన్ పెట్టమంటున్నారు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మెస్ ఆడవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. "ఎంత మంచి మాలకిన్ దీదీ ఆ ఇంటావిడ! తప్పు ఒప్పుకుంది చూడు. లోకంలో అందరూ అలా ఉంటే ఎంత బాగుణ్ణు" అంటూ ఆమె చేతులు పట్టుకున్నారు. సరోజిని ఆ పొగడ్తల మధ్య నిలబడి, తనది కాని విస్తరి ముందు మళ్ళీ కూర్చున్నానని తెలుసుకుంది. పోయినసారి అన్నం తిన్నది, ఈసారి చప్పట్లు. అడగవలసిన మాట అడిగేసినట్టు లోపల కాస్త తేలికైన మాట కూడా నిజమే. ఆ తేలికకే ఆమె మీద ఆమెకి అసహ్యం వేసింది. ఆ మాట ఫిలోమినాతో అనలేదు. ఎక్కడో కొండల దేశంలో ఉన్న ఎవరో ఆవిడ నోట్లో పెట్టి, మైకులో, చీకట్లో, తన మొహం కనబడకుండా అంది.

చుట్టూ చూసింది. తల్లీకూతుళ్ళు లేరు. సరోజిని లైబ్రరీకి తాళం కూడా వెయ్యకుండా బయటికొచ్చి ఆటో ఎక్కింది.

"భయ్యా, జెట్టీకి. జల్దీ."

దీవిలో పొద్దు తొందరగా వాలుతుంది. జెట్టీ మీద ఎండ పల్చబడింది. హోప్ టౌన్ వెళ్ళేవాళ్ళు సంచులతో, స్కూటర్లతో నిలబడి ఉన్నారు. బోటు ఇంకా ఈ ఒడ్డుకి రాలేదు. ఫిలోమినా గోడ పక్కన కూర్చుని ఉంది. అనీమా సరోజినిని చూసి లేచి కాస్త దూరం జరిగింది.

"దీదీ! ఇటొచ్చినావేటి?" అంది ఫిలోమినా.

"నీకోసమే."

ఫిలోమినా కొంగుతో గోడ మీద దుమ్ము దులిపి చోటు చూపించింది. సరోజిని కూర్చోలేదు.

"బొమ్మ బాగుంది దీదీ. నువ్వు సెప్పింది ఇంటంటే అమ్మమ్మే గేపకానికొచ్చింది" అంది ఫిలోమినా నీళ్ళవైపు చూస్తూ. "అనీమా కింద అచ్చరాలు సదివిందట. ఆవిడ తలుపెయ్యమందట కదా, సలిగాలొస్తందని. నువ్వు మాపు సెయ్యమందన్నావు. ఎందుకలగన్నావు?"

సరోజినికి చెప్పడానికి చాలానే తోచాయి. కథ కోసమని చెప్పొచ్చు, జనం కోసమని చెప్పొచ్చు. ఏది చెప్పినా నమ్మేలా చెప్పగలదు కూడా. చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే అది.

"అది నేను నీతో అనాల్సిన మాట" అంది. "ఆవిడ చేత అనిపించాను."

"మైకులో అన్నావు. ఊరంతా ఇన్నారు" అంది ఫిలోమినా. గొంతు పెంచలేదు. "నాతో అన్లేదు."

"తప్పయిపోయింది ఫిలోమినా. పెద్దకార్యం నాడు నీకు..."

"తిండి మీద ఆశ నేదు దీదీ నాకు. ఆ డబ్బాలు బోటులో ఎవులికో ఇచ్చీసినాను. అమ్మమ్మ సెప్పింది నాతో, నాను పోయాక తొలి ఇస్తరి నీదేనే పిల్లా, తిన్నాకే ఎల్లు అని. అందుకని వొచ్చినాను. మాట తీసుకుంది నా కాడ." కొంగు కొస వేలికి చుట్టుకుంది. "మీ వోల్లు వొద్దని ఉంటారులే, నువ్వేటి సేత్తావు అనుకున్నాను. ఆ ముసలాయన, మీ మావయ్య, ఆయన మీద కోపమొచ్చింది. బజార్లో అవుపిస్తే మొకం తిప్పుకుంటన్నాను ఇప్పటికీ."

సరోజిని మెడ మీద కత్తి పెట్టినా అంత బాధపడేది కాదు. ఆ కోపాన్ని అక్కడే ఉండనిస్తే సరిపోతుంది. వొద్దన్నది వాళ్ళు, తను నిస్సహాయురాలు. ఫిలోమినా తనంతట తనే అల్లిపెట్టిన కథ అది, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

"మావయ్య ఏమీ అనలేదు" అంది సరోజిని. "ఎవరూ ఏమీ అనలేదు. అంటారేమోనని నేనే భయపడ్డాను. నువ్వు వెళ్ళాక మావయ్యే అడిగాడు, ఆ పిల్లేది, తొలి విస్తరి వేశారు, పిలవమని. నువ్వింకా వీధి కూడా దాటి ఉండవు. పనుండి వెళ్ళిపోయిందని చెప్పాను." ఇంకా ఉంది, అదీ చెప్పాలి. "తర్వాత ఆ విస్తరి ముందు నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. తిన్నాను."

ఫిలోమినా వేలికి చుట్టుకున్న కొంగు కొస విప్పేసింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది సరోజినికి. బోటు వచ్చి జెట్టీకి తగిలింది. జనం కదిలారు. అనీమా తల్లి సంచీ అందుకుంది.

"వచ్చే నెల అమ్మమ్మ సంవత్సరీకం" అంది సరోజిని గబగబా. "నువ్వు రావాలి ఫిలోమినా."

ఫిలోమినా లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సరోజిని మొహంలోకి చూసింది.

"ఏ గుమ్మంకాడికి రమ్మంటావు దీదీ?"

"వీధి గుమ్మంలోకి. నేనే ఎదురొస్తాను."

"సూద్దాం" అంది ఫిలోమినా. వస్తాననలేదు, రాననలేదు. కూతురి భుజం పట్టుకుని బోటెక్కింది. జనంలో ఆమె తల కాసేపు కనిపించి, తర్వాత కనిపించలేదు. వెనక్కి తిరిగిందో లేదో సరోజినికి తెలీలేదు.

బోటు కదిలి వెళ్ళిపోయింది. సరోజిని జెట్టీ గోడ మీద, ఫిలోమినా దుమ్ము దులిపిన చోట కూర్చుంది. వీధి గుమ్మం అని అనెయ్యడం తేలికే. సంవత్సరీకం నాటికి మళ్ళీ అదే జనం, అదే హాలు, అదే హడలు. తన సంగతి తనకి తెలుసు. వెనక్కి తగ్గే దారి ఉంటే తగ్గిపోయే మనిషి. ఆ దారి ఇప్పుడే మూసెయ్యాలి. ఫోను తీసింది.

"ఆలో! ఎవులు?" అని అటు నుంచి తాతబ్బాయి అరిచాడు.

"మావయ్యా, నేను సరోజినిని."

"సెప్పవే! ఏటి, గొంతలగుంది?"

"అమ్మమ్మ పెద్దకార్యం నాడు ఫిలోమినా ఏదని అడిగావు కదా మావయ్యా. ఆ రోజు తనకి పనేమీ లేదు."